ఒక రాత్రి ఆగేలా మన ఊళ్ళు

సభకు నమస్కారం.

మన శ్రీకాకుళం జిల్లాకు జనం రారని అనడానికి లేదు. రథసప్తమి నాడు అరసవల్లిలో ఇసకేస్తే రాలదు. వచ్చినవాళ్ళు దర్శనం చేసుకుని, శ్రీకూర్మం వెళ్ళి, వీలైతే శ్రీముఖలింగం కూడా చూసుకుని పొద్దుగూకే వేళకు బండెక్కేస్తారు. మన ఊళ్ళకు మిగిలేది కొబ్బరికాయల బేరమే. పర్యాటకంలో కొత్తగా ఏం చేసినా వాళ్ళు ఒక రాత్రి ఆగేలా చెయ్యాలి. నేను అడగవచ్చింది అదే.

పొందూరునే తీసుకోండి. ఖాదీ కొనుక్కెళ్ళేవాళ్ళు చాలామందే. ఆ బట్ట పుట్టడం చూసినవాళ్ళు ఎందరు? కొండపత్తిని ముందుగా వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దవడకుండే సన్నటి పళ్ళు నలుసునీ చెత్తనీ పట్టేసి, గింజ మీది దూదిని పోగుపోగుగా విడదీస్తాయి. తర్వాత గింజ తీసి, ఏకి, రాట్నం మీద నూరు కౌంటు దాకా సన్నగా వడుకుతారు. ఈ పనిలో ఉన్నది ఎక్కువగా పెద్దవయసు ఆడవాళ్ళే. వచ్చినవారు ఆ అమ్మ పక్కన పీట వేసుకుని కూర్చోవాలి, దవడ చేతబట్టి గుప్పెడు పత్తి దువ్వి చూడాలి. దానికి రుసుము పెడదాం. అది నేరుగా ఆమె చేతికే అందాలి. నేర్పినందుకూ డబ్బొస్తే ఆమె మనవరాలు రాట్నం ముందు కూర్చుంటుందని నా నమ్మకం.

చేనేత ఊరు భూదాన్ పోచంపల్లిని 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంచింది. మగ్గం ఉన్న ఊరికి ఆ గౌరవం దక్కినప్పుడు, రాట్నం ఉన్న ఊరు ఎందుకు ప్రయత్నించకూడదు?

టెక్కలి దగ్గర తేలినీలాపురం ఉంది. చలికాలమంతా పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు ఊరి చెట్ల మీదే గూళ్ళు కట్టుకుంటాయి. పురిటికొచ్చిన ఆడపడుచుల్లా ఊరివాళ్ళు వాటిని కాచుకుంటారు. పక్షులు మేతకు లేచే తెల్లవారుజామున చూడాలంటే రాత్రి అక్కడే పడుకోవాలి. అందుకు రిసార్టు అక్కర్లేదు, ఆ చెట్ల దరిదాపుల్లో అసలే వద్దు. ఉన్న ఇంట్లోనే ఒక గది, దోమతెర, శుభ్రమైన మరుగుదొడ్డి, రాత్రికి వేడి అన్నం, చేపల పులుసు చాలు.

డ్వాక్రా సంఘాల అక్కచెల్లెళ్ళు ఇక్కడ ఉన్నారు కాబట్టి సూటిగా అడుగుతున్నాను. ఈ చలికాలానికి రెండు ఊళ్ళలోనూ చెరొక ఇల్లు సిద్ధం చెయ్యండి. బుకింగు ఫోను సంఘం దగ్గరే ఉండాలి, ఏజెంటు చేతికి ఇవ్వకండి. గది అద్దె, భోజనం ధర గోడమీద రాసిపెట్టండి. మొదటి అతిథుల్ని పంపే పూచీ నాది.