ఎవరైనా రాయాలి కదా

శ్రోతలకు నమస్కారం.

మెడలో ఒక బోర్డు. దాని మీద ‘వృక్షో రక్షతి రక్షితః’ అన్న అక్షరాలు. జేబులో గింజలు, సైకిలు మీద మొక్కలు. ఖమ్మం దగ్గర రెడ్డిపల్లిలో దరిపల్లి రామయ్య గారు అలా కనపడేవారు. వనజీవి రామయ్య అంటేనే మనకి తెలుస్తుంది.

ఎండాకాలంలో గింజలు ఏరి దాచడం, తొలకరి పడగానే రోడ్డు పక్కన, కాలువ గట్టున, ఎక్కడ ఖాళీ జాగా ఉంటే అక్కడ వేయడం. ఎవరూ చెప్పలేదు, ఎవరూ కూలి ఇవ్వలేదు. ఇంట్లో భార్య జానమ్మ గారు తోడు. పిచ్చోడన్నవాళ్ళు అన్నారు, ఆయన ఆగలేదు. కోటికి పైగా మొక్కలు నాటారని చెప్పుకుంటాం. 2017లో రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ గారి చేతుల మీదుగా పద్మశ్రీ అందుకున్నారు. 2025 ఏప్రిల్‌లో కన్నుమూశారు. ఆ వార్త విన్న రోజు నేను మా వీధి చివరి వేపచెట్టు కిందకి వెళ్ళి కాసేపు నిలబడ్డాను.

రామయ్య గారి సంగతి దేశానికి తెలిసింది. తెలియనివాళ్ళ మాటేమిటి?

నాకు తెలిసిన ఒక పెద్దాయన ఉన్నారు. శ్మశానం దారిలో మొక్కలు నాటి, బిందెతో నీళ్ళు మోసి పెంచారు. ఒక సభలో ఆయన్ని పిలిచి శాలువా కప్పారు. పేరు తప్పు చదివారు. ఏం చేశారో ఒక్క ముక్క చెప్పలేదు. ఫోటో తీశారు, అయిపోయింది. ఆయన ఇంటికొచ్చి శాలువా మడిచిపెట్టి, సాయంత్రం మళ్ళీ బిందె పట్టుకుని వెళ్ళారు. నాకు మాత్రం మనసులో బాధ పోలేదు. గుర్తించడమంటే శాలువా కాదండీ. ఆ మనిషి ఏం చేశారో తెలుసుకుని, అది పదిమందికీ చెప్పడం.

అందుకని ఈ పూట ఒక్క విషయం అడుగుతున్నాను. రాయండి. మీకు తెలిసిన మనిషి గురించి మీరు రాయండి.

పద్మ పురస్కారాలకి ఎవరైనా తమకి తెలిసిన మనిషి పేరు ప్రతిపాదించవచ్చు. ఎవరి సిఫారసూ అక్కర్లేదు. ఆన్‌లైన్‌లోనే పంపాలి, అవార్డ్స్ డాట్ గవ్ డాట్ ఇన్. మళ్ళీ చెబుతున్నాను, అవార్డ్స్ డాట్ గవ్ డాట్ ఇన్. అందులో ఆ మనిషి చేసిన పని గురించి 800 మాటలు మించకుండా రాయాలి. తమ పేరు తామే పంపుకునే వీలూ ఉంది, కానీ బిందె మోసేవాళ్ళు ఆ పని చేయరు. పక్కింటివాళ్ళం మనమే చేయాలి.

పద్మశ్రీ దాకా ఎందుకులే అంటారా? జెండా పండుగ నాడు కలెక్టరు గారి చేతుల మీదుగా ఇచ్చే ప్రశంసాపత్రానికైనా, ఊరి బడి వార్షికోత్సవంలో చేసే సత్కారానికైనా అలా రాసిన కాగితమే కావాలి. ‘నిస్వార్థ సేవామూర్తి’ లాంటి పెద్ద మాటలు వద్దు. ఎప్పుడు మొదలుపెట్టారు? ఎక్కడ? ఏం చేశారు? దానివల్ల ఏం మారింది? ఈ నాలుగూ రాస్తే చాలు.

మొన్న నోటుపుస్తకం పట్టుకుని మా పెద్దాయన దగ్గర కూర్చున్నాను. మొదటి మొక్క ఏ సంవత్సరంలో నాటారండీ అని అడిగితే కాసేపు ఆలోచించి, “మా మనవరాలు పుట్టిన ఏడు” అన్నారు. రాసుకున్నాను. ఇంకా మూడు ప్రశ్నలు మిగిలాయి. రేపు మళ్ళీ వెళ్తాను.

సెలవు.