వాట్సాప్‌లో ఆ రెండు బాణాలు... మా నాన్న చేసిన రివ్యూ

అందరికీ నమస్తే. ముందే చెప్పేస్తున్నా, ఇది ఫోన్ రివ్యూగా మొదలైన వీడియో. ఫోన్ కంపెనీ వాళ్లే వాడి చూడమని పంపారు. డబ్బులేం ఇవ్వలేదు, ఫలానాది చెప్పమని అడగనూ లేదు. స్పెక్స్ అంటారా, ఈపాటికి పది ఛానెళ్లలో చూసేసుంటారు, నేను మళ్లీ చదవను. నేనేం చేశానంటే, తీసుకెళ్లి కోదాడలో మా నాన్న చేతిలో పెట్టా. ఆయన ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యాడు. పొద్దున టీ దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా ఫోనే. ఆయన్ని మించిన టెస్టర్ నాకు దొరకడు.

వారం తర్వాత వెళ్లి "ఎట్లుంది నాన్నా?" అని అడిగా. కెమెరా మాట లేదు, బ్యాటరీ మాట లేదు. "దీంట్ల బాణాలు మంచిగ కనబడుతున్నయ్‌రా" అన్నాడు.

ఏం బాణాలు అని చూస్తే, వాట్సాప్ మెసేజ్ పైన బూడిద రంగులో చిన్నగా రెండు బాణాలు, పక్కన 'ఫార్వర్డెడ్ మెనీ టైమ్స్' అని ఉంటుంది చూడండి, అవి. పాత ఫోన్లో స్క్రీన్ మసకబారి ఆయనకి కనబడేవి కాదట. "రెండు బాణాలుంటే పక్కా న్యూసురా. అంతమంది ఊరికే పంపుతరా? జనం ఎక్కిన బస్సు తప్పు రూట్ల పోతదా?"

కాసేపు నాకేం మాట్లాడాలో తోచలేదు. ఫోన్ సంగతి చివర్లో చూద్దాం. ఇవాళ్టి రివ్యూ ఆ రెండు బాణాలది.

ఇవి ఎందుకొచ్చాయో కొంచెం గుర్తు చేస్తా. 2018లో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయని దేశమంతా పుకార్లు. అందులో ఒక వీడియో బాగా తిరిగింది. ఇద్దరు బైక్ మీద వస్తారు, వీధిలో ఆడుకుంటున్న పిల్లాడిని ఎత్తుకుపోతారు. అది కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన అవగాహన వీడియో. చివర్లో వాళ్లే వెనక్కి వచ్చి పిల్లాడిని దించేసి, జాగ్రత్త చెబుతూ ఒక బోర్డు చూపిస్తారు. ఎవడో ఆ చివరి ముక్క కోసేశాడు. అంతే, పాఠం కాస్తా కిడ్నాప్ అయిపోయింది. ఆ ఏడాది జులై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడాలో ఇలాంటి పుకారు నమ్మి ఐదుగురిని కొట్టి చంపారు.

అదే నెలలో వాట్సాప్ మన దేశంలో ఒకసారికి ఐదు చాట్‌లకే ఫార్వర్డ్ అని పరిమితి పెట్టింది. 'ఫార్వర్డెడ్' అన్న ముద్ర కూడా అప్పుడే వచ్చింది. 2019లో రెండు బాణాలు వచ్చాయి. అంటే ఆ మెసేజ్ మీ దాకా రావడానికి ముందే కనీసం ఐదు ఫార్వర్డ్‌లు దాటిందని. 2020 ఏప్రిల్‌లో, అలాంటి మెసేజ్‌ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపాలన్నారు. దాంతో అలా తెగ తిరిగే మెసేజ్‌లు 70 శాతం తగ్గాయని కంపెనీయే చెప్పుకుంది. పరిమితి పనిచేసింది, కాదనను. నా గొడవ గుర్తుతోనే.

చూడండి, సిగరెట్ పెట్టె మీద పుండు పడ్డ నోటి బొమ్మ ఉంటుంది. చదువు రానోడికి కూడా అర్థమవుతుంది. ఇక్కడేమో రెండు బాణాలు! బాణం అంటే ముందుకు పో అనేగా? 'చాలాసార్లు పంపారు' అన్న మాటలో తప్పు అన్న వాసనైనా ఉందా? సినిమా పోస్టర్ మీద 'రెండో వారం విజయవంతంగా' అని వేసినట్టు ఉంటుంది మా నాన్నకి. హెచ్చరిక అనుకుని పెట్టింది ఆయనకి సర్టిఫికెట్ అయి కూర్చుంది.

ఇప్పుడు అసలు గొడవకొస్తా. 2024 ఎన్నికలు గుర్తున్నాయిగా, మే 13న మన రెండు రాష్ట్రాల్లో పోలింగ్. ఏప్రిల్ చివర్లో అమిత్ షా వీడియో ఒకటి వచ్చింది. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ రిజర్వేషన్లు తీసేస్తామని ఆయన అన్నట్టు. ఆ సభ ఎక్కడిదో తెలుసా? మన చేవెళ్లది, 2023 ఏప్రిల్‌లో జరిగింది. అక్కడ ఆయన అన్నది ముస్లిం రిజర్వేషన్లు తీసేస్తామని, ఆ హక్కు ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకి దక్కేలా చేస్తామని. ఆ మాట మీకు నచ్చిందా లేదా అన్నది వేరే చర్చ. కానీ కత్తెర ఎక్కడ పడిందో చూడండి. ఒక వాక్యం తల, ఇంకో వాక్యం తోక కలిపి కుట్టేశారు. ఏఐ అక్కర్లేదు, ఏ పెద్ద సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. కరాచీ వీడియోకి చేసిందీ ఇదే పని. ఢిల్లీ పోలీసులు కేసు పెట్టారు, నోటీసులు రేవంత్ రెడ్డి దాకా వెళ్లాయి.

ఒక పార్టీ మీద పడుతున్నాననుకోకండి. 2023 నవంబర్ 30న, అసెంబ్లీ పోలింగ్ రోజే, కేటీఆర్ కాంగ్రెస్‌కి ఓటేయమంటున్నట్టు నకిలీ వీడియో తిరిగింది. పోలింగ్ రోజు! సాయంత్రానికి అది అబద్ధమని తేలితే ఎవడికి కావాలి?

సరే, చేవెళ్ల వీడియో మా చుట్టాల గ్రూపులోకీ వచ్చింది, నాన్న దాచుకున్నాడు. కూర్చోబెట్టి, పూర్తి ప్రసంగం తీసి, కత్తిరించింది పక్కన పెట్టి చూపించా. రెండూ చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. ఆఖరికి ఏమన్నాడో తెలుసా? "మరి నువ్వు చూపించినదానికి బాణాలు లేవు గదరా."

అక్కడ నాకు మండిపోయింది. ఆయన మీద కాదు.

ఇంకోటి. ఆ లెక్క మెసేజ్‌కి అంటుకుని ఉంటుందే గానీ వీడియోకి కాదు. గ్యాలరీలో సేవ్ చేసి మళ్లీ కొత్తగా పంపితే బాణాలు మాయం, లెక్క మళ్లీ సున్నా నుంచి. మా వైపు మండలంలో ఒక పార్టీ గ్రూపులు చూసే తమ్ముడున్నాడు, అడిగా. "ఫార్వర్డ్ ఎవడు కొడతడన్నా? ప్రతి గ్రూపుల ఫ్రెష్‌గ అప్‌లోడ్ కొడతం" అన్నాడు. వృత్తిగా చేసేవాడికి బాణాల బెడద లేదు. అమాయకంగా పంపే మా నాన్నకే ఆ ముద్ర. పైగా 2018లో గ్రూపుకి 256 మంది, ఇప్పుడు 1024. 2023లో ఛానెల్స్ కూడా తెచ్చారు, ఎన్ని లక్షలమందైనా ఫాలో అవ్వొచ్చు. ముందు తలుపుకి గడియ పెట్టి దొడ్డి తలుపు బార్లా తీసినట్టుంది.

నేను శుద్ధపూసనని చెప్పడం లేదు. 2016లో రెండు వేల నోటులో చిప్ ఉందని, భూమిలో పాతినా శాటిలైట్ పట్టేస్తుందని పుకారొచ్చింది గుర్తుందా? టీవీల్లో గ్రాఫిక్స్ వేసి మరీ చూపించారు. నేనూ నోటుని బల్బు దగ్గర పట్టుకుని వీడియో చేశా. ఈ ఛానెల్‌కి మొదటి లక్ష వ్యూస్ దాంతోనే వచ్చాయి. తర్వాత తప్పని చెబుతూ ఇంకోటి పెడితే నాలుగు వేలమంది కూడా చూడలేదు. పాతది తీసేయడానికి మనసు రాలేదు, మూడు నెలలు అలాగే ఉంచా. మొన్న ఎన్నికలప్పుడు ఒక ఏజెన్సీ ఫోన్ చేసి "బ్రో, మీ రివ్యూ స్టైల్లోనే ఒక నాయకుడి మీద, బీజీఎం మేం ఇస్తాం" అంది. వద్దన్నా. కానీ రేటు విన్నాక ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు, అదీ నిజమే.

వీటన్నిటికన్నా బాగా పనిచేసిన ఫీచర్ ఏంటంటే, నా దృష్టిలో 2018లో గద్వాలలో ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి చేసిన పని. పోలీసుల్ని ఊరూరా పంపి, డప్పు కొట్టించి, పాటలు కట్టించి, ఆ వీడియోలు అబద్ధమని ఎదురుగా నిలబడి చెప్పించారు. దానికి అప్‌డేట్ అక్కర్లేదు. మార్చి 2024లో డీప్‌ఫేక్‌ల మీద, అంటే ఏఐతో చేసిన నకిలీ వీడియోల మీద, తెలుగులో కూడా అడిగే వాట్సాప్ టిప్‌లైన్ వచ్చింది, హైదరాబాద్ నుంచి ఫ్యాక్ట్‌లీ వాళ్లు ఏది నిజమో ఏది అబద్ధమో చూసి తెలుగులో రాస్తూనే ఉన్నారు. మంచివే. మా గ్రూపులో ఒక్కరికీ తెలియదు.

రేటింగా? పరిమితికి ఐదుకి నాలుగు. బాణాలకి ఒకటి, అది కూడా మొహమాటానికి. అక్కడ ఎర్ర రంగులో 'ఎవరు తీశారో తెలియదు' అని రాయండి, మళ్లీ రివ్యూ చేస్తా.

ఫోన్ సంగతి అడుగుతారని తెలుసు. స్క్రీన్ బాగుంది, మరీ బాగుంది, అదే కొంప ముంచింది. ఛార్జింగ్ రోజున్నర వస్తోందట. తిరిగి పంపమని కంపెనీ వాళ్లు మెయిల్ పెట్టారు, నాన్న ఇవ్వనంటున్నాడు. నేను ఉట్టి చేతులతో బస్సెక్కా. సూర్యాపేట దాటానో లేదో గ్రూపులో ఆయన దగ్గర్నుంచి వీడియో వచ్చింది. బాణాలు లేవు. గ్యాలరీలో సేవ్ చేసి పంపడం నేర్చుకున్నాడు. నేర్పింది నేనే, పక్కపక్కన పెట్టి చూపించేటప్పుడు.