ఉప్పు మాన్పించడం కాదమ్మా, బీపీ చూపించండి

వేదిక మీది పెద్దలందరికీ నమస్కారం. పది నిమిషాలే ఇచ్చారు కాబట్టి పేరుపేరునా చెప్పను. పోషణ మాసం గురించి మాట్లాడమన్నారు. నేను ఉప్పు గురించి మాట్లాడతాను.

గర్భిణికి కాళ్లు వాచాయంటే ఉప్పు మాన్పించడమే మన ఇళ్లలో పెద్ద వైద్యం. ప్రసూతి వార్డులో నర్సుగా ఉన్నన్నాళ్లూ ఇదే చూశాను. ఒక అమ్మాయి, తొలిచూలు, ఎనిమిదో నెల. వారాల తరబడి చప్పిడి కూడే పెట్టారు. తలనొప్పి, కళ్లు మసకలు అంటే నీరసమన్నారు. ఫిట్స్ వచ్చాక తెచ్చారు. మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్లతో తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. "ఒక్క ఉప్పురాయి వేయలేదమ్మా" అని అత్తగారు ఒకటే ఏడుపు. నా కోపం ఆమె మీద కాదు. చేతికి బీపీ మిషన్ పట్టీ కట్టకుండానే నెలనెలా కార్డులో 120/80 రాసినవాళ్ల మీద! ఇక్కడ అలాంటివారు ఉంటే వినండి. అయిదో నెల దాటాక 140/90 కనిపిస్తే అదే రోజు డాక్టరుకు చూపించాలి.

గర్భిణికి బీపీ పెరిగి ఫిట్స్ దాకా తెచ్చే ఈ జబ్బును ప్రీఎక్లాంప్సియా అంటారు. దాన్ని ఆపడానికి ఉప్పు తగ్గించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పదు. అలాగని పచ్చళ్లు, అప్పడాలు లాగించమనీ కాదు. ఆ సంస్థ చెప్పేది కాల్షియం గురించి, తిండిలో అది తక్కువగా ఉన్నచోట.

ఈ సంగతి ఎలా బయటపడిందో చెప్పకుండా ఉండలేను. గ్వాటెమాలాలో మాయా తెగవారు పేదలు. అయినా వాళ్లలో ఈ ఫిట్స్ తక్కువ. కారణం ఏమై ఉంటుంది? వాళ్లు మొక్కజొన్నను సున్నపు నీళ్లలో నానబెట్టి వండుతారు. సున్నంలో ఉండేది కాల్షియమే. 1980లో ఇద్దరు పరిశోధకులు దాన్ని పట్టుకున్నారు. తర్వాతి పరీక్షలు నిజమే అన్నాయి. మీరు మాత్రం సున్నం తినకండి, తమలపాకుల అమ్మమ్మా, మీకే చెబుతున్నాను!

మనకు కాల్షియం మాత్రలున్నాయి. పధ్నాలుగో వారం నుంచి రోజుకు రెండు, ఒక్కోటి 500 మిల్లీగ్రాములు. బెంగళూరులో ఒకటి, టాంజానియాలో ఒకటి, ఒక్కో చోట 11,000 మంది తొలిచూలు గర్భిణులతో అధ్యయనాలు జరిగాయి. రోజుకు 500 మిల్లీగ్రాములు ఇచ్చినా 1,500 ఇచ్చినంత పని చేసిందని 2024లో తేల్చారు. కానీ మన ఇళ్లలో ఆ మాత్రలు బియ్యం డబ్బా మీద పడుంటాయి. అవి మింగితే కడుపులో బిడ్డ పెద్దదైపోతుందట! అన్నం తిన్నాక మింగించండి. ఐరన్ మాత్రతో కలపకండి, కనీసం రెండు గంటల ఎడం ఉండాలి.

వంద గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి పథకం కింద ఇచ్చే పాలు ఉన్నాయి. అవి ఇంటికి వెళ్లి అందరికీ టీ అవుతున్నాయని నాకు తెలుసు, నవ్వకండి. ఇవన్నీ ముప్పును తగ్గిస్తాయంతే. బీపీ వచ్చాక రాగిజావ మందు కాదు, ఆసుపత్రే.

గంట కొట్టారు, సరే. బీపీ మిషన్ తెచ్చాను. ఏడో నెల దాటినవాళ్లు ముందు రండి, భోజనాలు తర్వాత.