జీటీవో అనుకుని వెళ్తే... 37 ఏళ్లుగా కదలని పాత పాంటియాక్ కారు కొనాలా, వద్దా?

హాయ్ అండీ, అందరికీ నమస్తే. ఈ వారం కాస్ట్‌కో వ్లాగ్ లేదు, వంట లేదు, మంచు కూడా లేదు (ఏప్రిల్‌లో మిషిగన్‌ని నమ్మకూడదు గానీ ప్రస్తుతానికి లేదు). రెండు వారాల కింద శనివారం పొద్దున్న తొమ్మిదింటికి వాటర్‌ఫర్డ్‌లో ఒక పెద్దావిడ ఇంటి వెనక గరాజ్‌లో ఉన్నాను. ఎదురుగా 1988 రిజిస్ట్రేషన్ స్టిక్కర్ ఉన్న నంబర్ ప్లేటుతో, నాలుగు టైర్లలోనూ గాలి పోయి నేలకి అతుక్కుపోయిన ఒక పాంటియాక్ (జనరల్ మోటార్స్ వాళ్ల పాత బ్రాండ్) కారు. చేతిలో ఫోన్, అందులో వీడియో కాల్‌లో మా నాన్న. విజయవాడలో అప్పుడు సాయంత్రం ఆరున్నర, ఆయన పక్కన టీ గ్లాసు, వెనకాల టీవీలో వార్తలు.

మా నాన్న ఆటోనగర్‌లో ముప్పై రెండేళ్లు టింకరింగ్ పని చేశారు. సొట్టలు తీయడం, తుప్పు పట్టిన చోట కోసి కొత్త రేకు అతకడం, లప్పం పెట్టి, రుద్ది, పెయింటర్‌కి అప్పగించడం. ఎన్ని అంబాసిడర్లు ఆయన చేతిమీదుగా వెళ్లాయో ఆయనకే తెలీదు. నేను ఇక్కడ కార్లకి సాఫ్ట్‌వేర్ రాస్తాను గానీ కారుకి పానా పట్టింది లేదు, ఆ సంగతి ఇంట్లో ప్రతి సంక్రాంతికీ గుర్తుచేస్తూనే ఉంటారు.

ఈ బండి సంగతి నాకు చెప్పింది ఆఫీసులో పక్క సీటాయన. ఆయనకి పిన్ని వరస అవుతుంది ఈ పెద్దావిడ. భర్త పోయి మూడేళ్లయింది, ఇల్లు అమ్మేసి కూతురి దగ్గరికి వెళ్తున్నారు, గరాజ్ ఖాళీ చేయాలి. "1968 జీటీవో, నడవదు, 9 వేల డాలర్లు" అని ఒక కాగితం మీద రాసిచ్చాడు. జీటీవో అన్న మాట చూశాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా ఆవిడ మాత్రం ఒక్కటే అంది, "ట్రెడ్‌మిల్ కొన్నప్పుడు కూడా మీరు ఇలాగే నిద్రపోలేదు." ఆ ట్రెడ్‌మిల్ మీద ఇప్పుడు దుప్పట్లు ఆరేస్తున్నాం.

జీటీవో అంటే అంత ఏముంది అనేవాళ్లకి కొంచెం చెప్తాను. అప్పట్లో జనరల్ మోటార్స్‌లో ఒక రూలు ఉండేది, మధ్యరకం సైజు కార్లలో 330 క్యూబిక్ అంగుళాలకి మించిన ఇంజన్ పెట్టకూడదని. పాంటియాక్ వాళ్లు, అంటే చీఫ్ ఇంజనీరుగా ఉన్న జాన్ డీలోరియన్ బృందం, ఆ రూలుకి పక్కదారి వెతికింది. 1964లో కారుకి కొత్త మోడల్ పేరు పెట్టకుండా, టెంపెస్ట్ లెమాన్స్ అనే మామూలు కారుకి జీటీవో అనే ఒక "ఆప్షన్" కింద 389 క్యూబిక్ అంగుళాల ఇంజన్ దూర్చేశారు. అయిదు వేలు అమ్ముడైతే చాలనుకున్నారు, ఆ ఏడాది 32,450 పోయాయి. మజిల్ కార్ల (మధ్యరకం బండిలో పెద్ద ఇంజన్ దూర్చినవి) జాతర అసలు మొదలైంది అక్కడే అని చాలామంది అంటారు. ఇదంతా నేనుండే చోటుకి ముప్పావుగంట దూరంలో జరిగిన కథ! డెట్రాయిట్ నుంచి పాంటియాక్ ఊరి దాకా తిన్నగా పోయే వుడ్‌వర్డ్ ఎవెన్యూ మీద కుర్రాళ్లు రాత్రిపూట పందేలు వేసుకునేవాళ్లట. 1995 నుంచి ఏటా ఆగస్టు మూడో శనివారం అదే రోడ్డు మీద పాత కార్ల ఊరేగింపు జరుగుతుంది, వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ అని. నేను పదేళ్లుగా ఫుట్‌పాత్ మీద మడతకుర్చీ వేసుకుని పులిహోర తింటూ చూస్తున్నాను. ఈసారి స్టీరింగ్ వెనక కూర్చోవాలని ఆశ, అంతే.

సరే, గరాజ్‌లోకి వద్దాం. నేను వెంటనే బానెట్ ఎత్తబోయాను. ఫోన్‌లోంచి కేక, "ఒరేయ్, ఇంజన్ తర్వాత చూద్దాం! ఇంజన్ ఎప్పుడైనా బాగు చేయించుకోవచ్చు, రేకు పోతే బండి పోయినట్టే. ముందు వంగు."

ఆయన చెప్పిన ప్రకారమే ఇంటి నుంచి ఒక అయస్కాంతం తీసుకెళ్లాను, ఫ్రిజ్ మీద ఉండే కనకదుర్గమ్మ గుడి బొమ్మది. దానికి రంగు గీసుకోకుండా పల్చటి గుడ్డ చుట్టి బండి చుట్టూ ఆనించుకుంటూ రమ్మన్నారు. తలుపులకి పట్టుకుంది, రూఫ్‌కి పట్టుకుంది. వెనక చక్రం మీది రేకుకి, కింది భాగంలో, ఆనించి వదిలితే జారి కింద పడింది. మళ్లీ పెట్టాను, మళ్లీ పడింది. "అక్కడ వేలి కణుపులతో కొట్టి వినిపించు," అన్నారు నాన్న. ఫోన్ దగ్గరగా పెట్టి కొట్టాను. పైన కొడితే ఠంగ్ మంది, కింద కొడితే దబ్ మని, మట్టిగోడని కొట్టినట్టు. "లప్పం. అర అంగుళం మందం ఉంటుంది. వెనకాల రేకు లేదు," అన్నారు. పదమూడు వేల కిలోమీటర్ల అవతల కూర్చుని, పగిలిన స్పీకర్ ఉన్న ఫోన్‌లో, టీవీ గోలలో, ఆ శబ్దం విని మందం చెప్పేశారు. నాకైతే ఒళ్లు జలదరించింది.

తర్వాత వెనక అద్దం అంచులు. జనరల్ మోటార్స్‌లో ఈ కాలపు కార్లకి ఇది బలహీనత. అద్దం చుట్టూ మెరిసే పట్టీ కింద నీళ్లు నిలుస్తాయి, లోపల రేకు మెల్లగా తినేసి, ఆ నీళ్లు డిక్కీలోకి కారి, డిక్కీ నేల కూడా పోతుంది. పట్టీ పక్కన వేలితో నొక్కితే రంగు అప్పడంలా విరిగింది. డిక్కీలో స్టెప్నీ ఎత్తితే కింద గరాజ్ సిమెంటు కనపడింది. ఇంకొకటి, ఇక్కడ చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కదా, ఈ బండి ఇరవై చలికాలాలు ఆ ఉప్పులో తిరిగింది.

అయితే ఫ్రేమ్ గట్టిగా ఉంది! బండిని రెండు వైపులా స్టాండ్ల మీద నిలబెట్టి (ఉత్త జాకీని నమ్మి కిందకి దూరకండి, దండం పెడతాను), స్క్రూడ్రైవర్‌తో వెనక చక్రాల దగ్గర పొడిచి చూశాను, పొట్టు రాలింది గానీ ఎక్కడా దిగలేదు. "బతికే ఉంది," అన్నారు నాన్న.

అప్పుడు ఛాసిస్ నంబర్ చదవమన్నారు. నేను ముందురోజు రాత్రే చదువుకుని ఉన్నాను, 1966 నుంచి జీటీవో విడి మోడల్ కాబట్టి ఆ నంబరు 242తో మొదలవ్వాలి. నిజానికి బండిని చూడగానే ఒక చిన్న అనుమానం వచ్చింది. 1968 జీటీవోకి ముందు క్రోమ్ బంపర్ ఉండదు, బాడీ రంగులోనే ఎండ్యూరా అని కొత్తరకం మెత్తటి ముక్కు ఉంటుంది, సుత్తితో కొట్టినా సొట్ట పడదని టీవీ ప్రకటనలో డీలోరియన్ కొట్టి మరీ చూపించాడు. దీనికేమో క్రోమ్ బంపర్. కానీ ఆ ఏడాది ఎండ్యూరా వద్దనుకుంటే లెమాన్స్ క్రోమ్ బంపర్ వేయించుకునే ఆప్షన్ కూడా ఉండేది, కాబట్టి ఇది అలాంటి అరుదైన జీటీవో కావచ్చని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆశ అలాంటిది మరి. అద్దం మూల దుమ్ము తుడిచాను. రెండు. మూడు. ఏడు.

237 అంటే లెమాన్స్, ఆ మామూలు కారు. జీటీవో బ్యాడ్జీలు అంటించిన లెమాన్స్.

మళ్లీ తుడిచి చూశాను, నంబరేం మారలేదు. నాన్నకి ఈ తేడా అర్థం కాలేదు, "రెండూ ఒకే బండి కదరా, ఒకే బాడీ, ఒకే ఫ్రేమ్," అన్నారు. నిజమే గానీ డబ్బు విషయంలో భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా. ఇంజన్ కూడా జీటీవోకి ఉండే 400 క్యూబిక్ అంగుళాలది కాదు, 350ది, దానికి రెండే గేర్ల ఆటోమేటిక్. అది కూడా అంబాసిడర్ ఇంజన్లు నాలుగు కలిపితే ఎంతో దాదాపు అంత, ఆ మాటకి మాత్రం నాన్న టీ గ్లాసు కింద పెట్టారు.

ఇప్పుడు అసలు ఇబ్బంది. ఆ పెద్దావిడకి చెప్పాలా? చెప్పకుండా "నాకొద్దండీ" అని వచ్చేస్తే సరిపోతుంది. కానీ రేపు ఇంకెవరో 9 వేలకి కొని, తర్వాత తెలుసుకుని వచ్చి ఆవిడ మీద అరిస్తే? పైగా భర్త ఇరవై ఏళ్లు నడిపిన బండి నకిలీ అని ఏ మొహంతో చెప్పను? గరాజ్‌లో అటూ ఇటూ తిరిగి, వంటింటి తలుపు దగ్గరికెళ్లి, నీళ్లు నములుతూ చెప్పాను. ఆవిడ ఎంత గట్టిగా నవ్వారంటే చేతిలో కాఫీ ఒలికింది.

ఆవిడకి మొదటినుంచీ తెలుసు. భర్త పాంటియాక్ ప్లాంటులోనే పని చేసేవారు, ఛాసిస్ నంబర్లో 'పి' అన్న అక్షరం కూడా ఆ ప్లాంటుదే. పెళ్లయిన కొత్తలో జీటీవోనే కొనాలనుకున్నారు, కానీ పాతికేళ్లలోపు కుర్రాడు అలాంటి కారు కొంటే ఇన్సూరెన్స్ వాళ్లు అడిగేది నెలసరి కారు వాయిదాకి దగ్గరగా ఉండేదట. అందుకే లెమాన్స్ కొని, మూడేళ్ల తర్వాత పాత సామాన్ల యార్డులో బ్యాడ్జీలు పట్టుకొచ్చి బిగించుకున్నారు. "మా వీధిలో అందరికీ అది జీటీవోనే, ఒక్క ఇన్సూరెన్స్ ఏజెంట్‌కి తప్ప," అన్నారావిడ. ఆ 9 వేల కాగితం రాసింది అక్క కొడుకు, అంటే మా ఆఫీసాయన. ఆవిడ ధర 3 వేలు, తీసుకెళ్లే ఖర్చు మాది.

ఇంటికొచ్చాక లెక్కలు. ఒక రిస్టోరేషన్ షాపుకి ఫోటోలు పంపితే, బండి మొహం కూడా చూడకుండా, 70 వేల నుంచి మొదలు అన్నారు, ఏడాదిన్నర వెయిటింగ్ కూడా. అంత పెట్టినా అమ్మితే అందులో సగం వస్తుందన్న గ్యారంటీ లేదు, లెమాన్స్ కదా. చిత్రమేంటంటే, ఇది తెలిసిన దగ్గర్నుంచి నాకు టెన్షన్ తగ్గింది. నిజమైన జీటీవో అయితే ఒరిజినల్ ఇంజనేనా, ఒరిజినల్ రంగేనా, ఏ బోల్టు మారిస్తే ధర ఎంత పడిపోతుంది అని కాగితాలు పట్టుకుని తిరగాలి. దీన్ని బాగుచేసి లాభానికి అమ్మే మాట ఎలాగూ లేదు కాబట్టి, కొత్త పెళ్లికూతురిలా తయారుచేయాల్సిన పనీ లేదు. బ్రేకులు నాలుగు చక్రాలకీ డ్రమ్ములే, అవి పూర్తిగా కొత్తవి. పెట్రోలు ట్యాంకు, గొట్టాలు, టైర్లు కొత్తవి. డిక్కీ నేలకీ, వెనక అద్దం అంచుకీ రేకు అతికించాలి, ఈ కార్లకి కొత్త రేకు భాగాలు ఇప్పటికీ తయారు చేసి అమ్ముతున్నారు, పాంటియాక్ పేరే 2010తో మూతపడినా. రంగు మాత్రం వెలిసినా ఉన్నదే ఉంటుంది. అన్నీ కలిపి నా లెక్కలో 6 వేలు, మా ఆవిడ లెక్కలో 12 వేలు. ఆవిడ లెక్కే ఎప్పుడూ కరెక్టవుతుంది, అందుకే 12 అనుకునే ఆలోచించాం. మిషిగన్‌లో పాతకార్లకిచ్చే నంబర్ ప్లేటు తీసుకుంటే షోలకీ, ఊరేగింపులకీ మాత్రమే తిప్పాలి, ఆగస్టు నెలలో మాత్రం మామూలుగా తిరగనిస్తారు, నాకు కావలసిందీ ఆ నెలే.

ఒక్క షరతు పెట్టుకున్నాం, ఇంజన్ చేత్తో తిరిగితే కొంటాం, లేకపోతే లేదు. నాన్న చెప్పారు కదా అని మొదటి శనివారమే ఎనిమిది ప్లగ్గులూ విప్పి, తుప్పు వదిలించే నూనె ఒక్కో రంధ్రంలో కాస్త కాస్త పోసి వచ్చాను. "సెల్ఫ్ కొట్టావంటే ఫోన్ పెట్టేస్తా, రింగులు విరుగుతాయి," అని ముందే బెదిరించారు.

నిన్న మళ్లీ వెళ్లాం, ఈసారి మా ఆవిడ కూడా వచ్చింది. ముందు వైపు పెద్ద బోల్టుకి సాకెట్ తగిలించి, రెండడుగుల రాడ్డు పట్టుకుని లాగాను. కదల్లేదు. ఇంకోసారి. కదల్లేదు. ఎలుకగూడు కంపు, నూనె కంపు, చెమట. "బలం పెట్టకు, బరువు వెయ్యి," అన్నారు నాన్న. ఒళ్లు వాల్చాను. కిర్రుమని ఒక శబ్దం, రాడ్డు నాలుగంగుళాలు కిందకి దిగింది, ఫ్యాన్ బెల్టు మీది దుమ్ము రాలింది. ఏదో విరిగిందేమోనని నాకు గుండె ఆగినంత పనైంది. ఫోన్‌లో ఒక క్షణం ఏమీ వినపడలేదు, తర్వాత, "ఇంకోసారి వినిపించు." మెల్లగా ఒక చుట్టు పూర్తిగా తిరిగింది. నాన్న టీవీ ఆపేయమని అమ్మకి చెప్తున్నారు.

చెక్కు రాసిచ్చాను. ట్రెయిలర్ వచ్చే శనివారం వస్తుంది. గరాజ్‌లో మా ఆవిడ కారు పెట్టే చోటు మాత్రం ముట్టుకోకూడదు, నా కారు బయట మంచులో ఉంటుంది, అది ఒప్పందం. వచ్చేస్తుంటే పెద్దావిడ స్క్రూడ్రైవర్ అడిగి తీసుకుని, డిక్కీ లోపలనుంచి చెయ్యిపెట్టి, చాలాసేపు తంటాలు పడి, వెనక ఎడమ వైపు జీటీవో బ్యాడ్జీ ఒకటి ఊడదీసుకున్నారు. ఇంకోటి బండికే ఉంచమన్నారు. ఇప్పుడు ఆ చోట రెండు చిల్లులు.

లప్పం పెట్టేయనా అని నాన్నని అడిగాను. "వద్దు. ప్రస్తుతానికి టేపు అంటించు, నీళ్లు పోకుండా," అన్నారు.