లాడ్జి గదిలో పేరు తెలియని మృతుడు: గుర్తింపు ఎలా సాధ్యమవుతుంది?

సభాధ్యక్షులకు, పెద్దలకు నమస్కారం.

హోటల్ గదిలో ఒంటరిగా దిగిన ప్రయాణికుడు చనిపోయి కనిపించినప్పుడు దర్యాప్తు అధికారి ముందుగా అడిగేది రిజిస్టరు. అందులోని పేరు, ఊరు, సంతకం అన్నీ మృతుడు స్వయంగా రాసినవే గనుక, తానెవరో చెప్పడం అతనికి ఇష్టం లేకపోతే ఆ పుట వల్ల ప్రయోజనం తక్కువ. గదిలో దొరికిన వస్తువులు ఆ లోటు తీరుస్తాయని సాధారణంగా అనుకుంటాం. అది ఎంతవరకు నిజమో రెండు ఉదంతాల ఆధారంగా పరిశీలిద్దాం.

1995 మే 31న నార్వే రాజధాని ఓస్లో నగరంలోని ప్లాజా హోటల్‌లో జెన్నిఫర్ ఫెయిర్‌గేట్ అనే పేరుతో ఒక యువతి దిగింది. జూన్ 3న 2805వ నంబరు గదిలో తుపాకి గాయంతో మరణించి కనిపించింది. పాస్‌పోర్టు లేదు, దుస్తుల మీది లేబుళ్లు చాలావరకు తీసేసి ఉన్నాయి, ఆమె ఇచ్చిన బెల్జియం చిరునామాలో అటువంటి మనిషే లేదని తేలింది. 1996లో ఆమెను పేరు లేని సమాధిలో ఖననం చేశారు. 2016లో అవశేషాలను వెలికితీసి డీఎన్ఏ సేకరించారు, పళ్లను పరీక్షించి ఆమె సుమారు 1971లో పుట్టిందని అంచనా వేశారు.

ఈ పళ్ల పరీక్ష వెనకున్న శాస్త్రం ఆసక్తికరమైనది. 1950, 60 దశకాల్లో జరిగిన అణ్వస్త్ర పరీక్షల వల్ల వాతావరణంలో కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్ విపరీతంగా పెరిగి, 1963లో అటువంటి పరీక్షలపై నిషేధ ఒప్పందం కుదిరాక క్రమంగా తగ్గుతూ వచ్చింది. పంటి పైపొర అయిన ఎనామిల్ చిన్నతనంలో ఒకసారి ఏర్పడ్డాక మళ్లీ మారదు గనుక, ఆహారం ద్వారా అందులో చేరిన కార్బన్-14ను ఆయా సంవత్సరాల వాతావరణ లెక్కలతో సరిపోలిస్తే జన్మ సంవత్సరం దాదాపుగా తెలిసిపోతుంది. ఇంత సూక్ష్మంగా వయసు చెప్పగలిగిన శాస్త్రం ఆమె పేరు మాత్రం చెప్పలేకపోయింది.

కారణం స్పష్టమే. వేలిముద్రలు, పళ్లు, డీఎన్ఏ అనే మూడింటినీ అంతర్జాతీయ పోలీసు సంస్థ ఇంటర్‌పోల్ ప్రధాన గుర్తింపు సాధనాలుగా పరిగణిస్తుంది. ఆ మూడూ పోలిక మీద ఆధారపడినవే. పోల్చడానికి అవతలి వైపు నుంచి ఒక నమూనా రావాలి, అంటే సాధారణంగా ఎవరో ఒకరు తమ మనిషి కనిపించడం లేదని ఫిర్యాదు చేసి ఉండాలి.

2001 సెప్టెంబరులో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, అమండా పార్క్ అనే చిన్న ఊరి మోటెల్‌లో లైల్ స్టెవిక్ అనే మారుపేరుతో దిగి ఆత్మహత్య చేసుకున్న యువకుడి విషయంలో అటువంటి ఫిర్యాదే లేదు. అతను బతికే ఉన్నాడని, తమతో సంబంధం వద్దనుకున్నాడని కుటుంబం భావించింది. 2018లో డీఎన్ఏ డో ప్రాజెక్ట్ అనే స్వచ్ఛంద సంస్థ, వంశవృక్షాల మీద ఆసక్తితో జనం స్వయంగా ఇచ్చుకున్న డీఎన్ఏ సమాచారంలో దూరపు బంధువులను వెతికి, వారి నుంచి తీగ లాగి అతని ఇంటిని చేరుకుంది. చనిపోయేనాటికి అతని వయసు 25 ఏళ్లు.

కుటుంబం కోరిక మేరకు ఆ పేరును ప్రకటించలేదు. ఏళ్ల తరబడి ఈ కేసు వెంట పడ్డ కొందరికి అది నిరాశ కలిగించి ఉండవచ్చు గాని, నా దృష్టిలో అది సరైన నిర్ణయం. పేరు తెలియవలసింది దర్యాప్తు అధికారికి, మరణాన్ని నమోదు చేసే కార్యాలయానికి, అన్నింటికన్నా ముందు అతని ఇంటివారికి. ఆ ముగ్గురికీ అది చేరింది.