ర్యామ్ 16 జీబీ ఉన్నా పీసీ ఎందుకు సతాయిస్తుంది? స్లాట్లు చూసి మాట్లాడుదాం

నమస్తే అందరికి. ఈ టేబుల్ మీదున్న సిస్టమ్ మిర్యాలగూడల ఒక తమ్ముడిది, పెండ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తడు. ఫోటోషాప్‌ల పెద్ద ఫైల్ తెరిస్తే మస్తు స్లో అయితుందట, "అన్నా 16 జీబీ ఉంది, ఇంకో 16 ఏయమంటవా" అంటుండు. ఆగు తమ్మి, ఉన్న 16 ఎట్లున్నదో ముందుగాల చూద్దాం.

ప్రాసెసర్ రైజెన్ 5 5600జీ, గ్రాఫిక్స్ కార్డ్ లేదు. కెమెరా జర దగ్గరికి తెస్త, గిది చూడుండ్రి. స్లాట్లు నాలుగు, ఉన్నయి రెండు 8 జీబీ స్టిక్‌లు, ప్రాసెసర్ పక్కపొంటి మొదటి రెండు స్లాట్లల్లనే పెట్టిన్రు. ఈ బోర్డుల ఆ రెండూ ఒకటే ఛానల్, అంటే ర్యామ్‌కు ప్రాసెసర్‌కు నడుమ డేటా పోయే ఒకటే దారి, రెండో ఛానల్ మొత్తం ఖాళీ. అంటే స్టిక్‌లు రెండు కొన్నా నడిచేది సింగిల్ ఛానలే. ఇగో సీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్ల మెమరీ ట్యాబ్, సింగిల్ అనే చూపిస్తుంది, కింద ఫ్రీక్వెన్సీ 1200 దగ్గరుంది, దాన్ని డబుల్ చేస్తే 2400. స్టిక్కర్ మీదేమో 3200! ఎవరు బిగించిన్రో గని బయోస్‌ల, అంటే విండోస్ కంటే ముందొచ్చే బోర్డు సెట్టింగ్‌లల్ల, ఎక్స్‌ఎంపీ ఆన్ చేయనేలేదు; ర్యామ్‌ని స్టిక్కర్ మీది స్పీడ్‌కు నడిపే సెట్టింగ్ అది.

ఇప్పుడు మారుస్తున్న. పవర్ తీసేసినంక ప్రాసెసర్ దిక్కెల్లి లెక్కపెడితే రెండోది, నాలుగోది, బోర్డు మీద ఏ2, బీ2 అని రాసి ఉంటది, ఎక్కువ బోర్డులకు గివే, అయినా మాన్యువల్ ఒకసారి చూసుకోండ్రి. స్టిక్ కింద గాటు ఉంటది, అది కుదిరినంక రెండు కొసలు వత్తితే టక్కుమంటది. ఆ సప్పుడు రాలేదంటే కూసోలేదన్నట్టే. బయోస్‌ల ఎక్స్‌ఎంపీ, కొన్ని బోర్డులల్ల డీఓసీపీ అంటరు, అది ఆన్.

లెక్క చెప్త: 2400 మీద సింగిల్ ఛానల్ అంటే సెకనుకు 19.2 జీబీ, 3200 మీద డ్యూయల్ అంటే 51.2. కాగితం మీది లెక్కే, కానీ రూపాయి ఖర్చు లేకుండ వచ్చింది. 5600జీల గ్రాఫిక్స్ కూడా ఇదే ర్యామ్ వాడుకుంటది కాబట్టి గేమ్‌లల్ల తేడా ఎంటనే తెలుస్తది, ఫోటోషాప్‌ల కొంచెం, ట్యాలీ కొట్టుకునేటోళ్లకు ఏం తెల్వది, నిజం చెప్పాలె కదా.

మరి ఇంకో 16 ఏయాల్నా? ఆల్బమ్ ఫైల్ తెరిచిపెట్టి టాస్క్ మేనేజర్ల మెమరీ చూడు తమ్మి, నిండిపోతుంటేనే ఎయ్యి, సగమే వాడుతుంటే పైసలు దాచుకో, ఇప్పుడు ర్యామ్ రేట్లు మండుతున్నయ్. ఈ పీసీల ఉన్నది డీడీఆర్4 రకం ర్యామ్, దాంట్ల ఇవే మోడల్ ఇంకో రెండు 8లు ఎక్కువ శాతం నడుస్తయ్. 8 పక్కన 16 పెడితే? అది కూడా నడుస్తది, 8కి 8 డ్యూయల్ల, మిగిలిన 8 సింగిల్ల.

కానీ దాని తర్వాతి తరం డీడీఆర్5 ర్యామ్‌తోని కొత్తగ పీసీ కట్టేటోళ్లు మాత్రం "ఇప్పుడు రెండు, తర్వాత ఇంకో రెండు" అనే ప్లాన్ ఎయ్యకుండ్రి. రైజెన్ 7000కి ఏఎండీ ఇచ్చిన లెక్కే రెండు స్టిక్‌లకు స్పీడ్ 5200, నాలుగు పెడితే 3600. 32 కావాల్నంటే ఫస్టే రెండు 16ల కిట్ తీసుకోండ్రి, ఒకటే డబ్బాల వచ్చేది. డీడీఆర్5ల 8 జీబీ స్టిక్‌లు నేనైతే కొనమని చెప్ప, వాటి మీద మామూలుగ నాలుగే చిప్పులుంటయ్, 16 దానికంటే స్పీడ్ తక్కువ. ఇంకోటి, సీఎల్ నంబర్ చూడుండ్రి, అడిగిన డేటా ఇయ్యనీకి ర్యామ్ ఎంత ఆలస్యం చేస్తదో చెప్పేది: దాన్ని 2000తోని గుణించి స్పీడ్‌తోని భాగించుర్రి, ఆలస్యం నానోసెకన్లల్ల వస్తది, తక్కువుంటే మంచిది. 6000 సీఎల్30 అంటే 10 నానోసెకన్లు, 6000 సీఎల్40 అంటే 13 దాటుతది. 3200 సీఎల్16 డీడీఆర్4 కూడా 10 నానోసెకన్లే, ఇగ పెట్టె మీద పెద్ద అంకె చూసి ఆగం కాకుండ్రి. లైట్లున్న స్టిక్‌లా, మీ ఇష్టం, డోర్ మూసినంక ఎవరు చూస్తరు.

ఏఎం5 బోర్డుల, అంటే రైజెన్ 7000 లాంటివి కూసునే బోర్డుల, కొత్త ర్యామ్ పెట్టి మొదటిసారి ఆన్ చేస్తే కొన్ని నిమిషాలు స్క్రీన్ నల్లగనే ఉంటది, అది ర్యామ్‌ని ట్రెయిన్ చేసుకుంటుంది, అంటే దానికి సరిపోయే సెట్టింగ్‌లు ఎతుక్కుంటుంది, ఖరాబైందని ప్లగ్ పీకకుండ్రి. కరెంట్ పోతా వస్తా ఉండే ఊర్లల్లయితే యూపీఎస్‌కు పెట్టినంకనే బటన్ నొక్కుండ్రి.