మగ్గం కింద గ వత్తు: తెలుగు వెబ్ పేజీని తెలుగుతోనే మొదలుపెట్టడం

నమస్కారం. తెరపై ఎడమవైపు, కుడివైపు కనిపిస్తున్నవి రెండూ ఒకే వెబ్ పేజీకి చెందిన రెండు రూపాలు. వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే కొన్ని కుటుంబాల కోసం నేను ఈ పేజీని తయారుచేశాను. బయటివారు దర్రీలు అని పిలిచే ఈ నేతకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఎడమవైపున్నది నా మొదటి ప్రయత్నం. దానిని చూపించిన రోజు, మగ్గం దగ్గర కూర్చున్న పెద్దాయన ఫోన్‌ను కళ్లకు దగ్గరగా పెట్టుకుని, "ఇదేంది బిడ్డా, మగ్గం కింద గ వత్తు ఏడవోయింది?" అని అడిగారు. "మగ్గం చూడండి" అని ఉండవలసిన బటన్ మీద "మగం చూడండి" అని ఉంది.

కోడ్ తెరిచి చూస్తే వత్తు అక్కడే భద్రంగా ఉంది. తెర మీదికి వచ్చేసరికి మాత్రం అది తెగిపోయింది. ఎందుకు తెగిందో, దానిని ఎలా సరిచేయాలో ఈ వీడియోలో ఒక్కొక్కటిగా చేసి చూపిస్తాను.

ముందుగా నేను చేసిన అసలు పొరపాటు చెప్పాలి. ఇంగ్లిష్ అక్షరాల కోసం తయారైన ఒక టెంప్లేట్‌ను తీసుకుని, అందులోని లోరెమ్ ఇప్సమ్ పాఠంతోనే డిజైన్ అంతా పూర్తిచేసి, చివరి రోజున తెలుగును తెచ్చి అందులో పోశాను. లోరెమ్ ఇప్సమ్ అంటే సిసెరో క్రీ.పూ. 45లో రాసిన లాటిన్ గ్రంథంలోని వాక్యాలను ముక్కలు చేసి కలిపిన అర్థంలేని పాఠం. ఆ లాటిన్ ముక్కల కొలతకు కుట్టిన చొక్కా మన అక్షరాలకు ఎక్కడ సరిపోతుంది? కాబట్టి మనం మొదటి గంటలోనే అసలైన తెలుగు వాక్యాలను పేజీలో పెట్టి, వాటి చుట్టూ డిజైన్ అల్లుకుందాం.

ఆ వాక్యాలు ఎక్కడి నుంచి వస్తాయన్నది కూడా ముఖ్యమే. నాకు ఇచ్చిన సమాచారం హన్మకొండలో డీటీపీ చేయించిన ఒక పాత కరపత్రం ఫైలు. దానిని పేజీలో అతికించగానే తెలుగు మాయమై, ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా వచ్చాయి. పెళ్లి పత్రికలకు, ఫ్లెక్సీలకు వాడే పాత పద్ధతి ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలను కూర్చోబెడతాయి. ఆ ఫాంట్ ఉన్నంత వరకే అది తెలుగు. ప్రపంచ భాషల అక్షరాలన్నింటికీ ఒక్కొక్క సంఖ్యను కేటాయించే యూనికోడ్‌లో మాత్రం తెలుగుకు 128 స్థానాలున్న సొంత గది ఉంది. అందుకే ఆ కరపత్రాన్ని ముందు యూనికోడ్‌లోకి మార్చి, ఆ తరువాత ఒక్కొక్క వాక్యాన్ని అచ్చు ప్రతితో పోల్చి చదివాను. మార్చే సాధనాలు వత్తుల దగ్గర తరచుగా తడబడతాయి కనుక ఈ చదువుడు తప్పదు.

ఇప్పుడు పేజీ కోడ్ మొదట్లోనే భాష తెలుగు అని ప్రకటిద్దాం. హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌లో లాంగ్ అన్న చోట ఇంగ్లిష్ అక్షరాల్లో "te" అని రాస్తే చాలు. చూపులేని వారికి పేజీని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ తెలుగు గొంతును ఎంచుకోవడానికి ఈ ఒక్క మాటే ఆధారం.

ఇక వత్తు దగ్గరికి వద్దాం. తెరపై "మగ్గం" అన్న పదాన్ని పెద్దది చేసి చూపిస్తున్నాను. ఇంగ్లిష్‌లో గీత కిందికి దిగే అక్షరాలు ఐదారు మాత్రమే. తెలుగులో ప్రతి రెండో మాటకు కింద ఒక వత్తు వేలాడుతుంది, పైన గుడో, ఏత్వమో, తలకట్టో నిలబడుతుంది. "వస్త్రం" వంటి మాటలో ఒకే అక్షరానికి రెండు వత్తులు తగులుతాయి. టెంప్లేట్‌లో ఆ బటన్ ఎత్తు 32 పిక్సెళ్లని బిగించి ఉంది, పైగా ఓవర్‌ఫ్లో హిడెన్ అని రాసి ఉంది. అంటే పెట్టె దాటి బయటికి వచ్చిన దేనినైనా కత్తిరించమని ఆజ్ఞ. బ్రౌజర్ ఆ ఆజ్ఞను నిజాయితీగా పాటించి గ వత్తును కత్తిరించింది.

సరిచేద్దాం. హైట్ అన్న వరుసను పూర్తిగా తీసివేస్తున్నాను. దాని స్థానంలో ప్యాడింగ్‌ను, అంటే అక్షరం చుట్టూ పెట్టె లోపల వదిలే ఖాళీని, పైనా కిందా 10 పిక్సెళ్ల చొప్పున ఇస్తున్నాను. ఓవర్‌ఫ్లో హిడెన్‌ను కూడా తొలగిస్తున్నాను. ఇప్పుడు చూడండి, పెట్టె తనంతట తానే అక్షరం కొలతకు పెరిగింది, వత్తు తిరిగి వచ్చింది. తరువాత లైన్-హైట్, అంటే వరుసకూ వరుసకూ మధ్య ఎడం. టెంప్లేట్‌లో శీర్షికలకు 1.2 ఉంది. ఆ ఎడంలో పై వరుసలోని వత్తు, కింది వరుసలోని గుడి ఒకదానినొకటి తాకి, రెండూ చదవరాకుండా పోతాయి. పాఠానికి 1.7, శీర్షికకు 1.5 ఇవ్వండి. ఈ అంకెల పక్కన పిక్సెల్ అని గానీ శాతం అని గానీ రాయవద్దు. వట్టి అంకె ఇస్తే అక్షరం పెరిగినప్పుడల్లా ఎడమూ దానితోపాటే పెరుగుతుంది.

ఫాంట్ విషయంలో ఎక్కువ ఆలోచించనవసరం లేదు. నోటో సాన్స్ తెలుగు, మండలి పాఠానికి బాగుంటాయి, రామభద్ర లావుగా ఉంటుంది కనుక శీర్షికకే పరిమితం చేయండి. మూడూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. గుణింతాలు, వత్తులు అన్నీ మోయవలసి ఉన్నందున తెలుగు ఫాంట్ ఫైలు బరువుగానే ఉంటుంది, కాబట్టి రెండు రకాలకు మించి పెట్టకండి. ఇటాలిక్ జోలికి మాత్రం పోవద్దు. తెలుగు అచ్చులో ఏటవాలు అక్షరాల సంప్రదాయం లేదు, చాలా ఫాంట్లలో ఆ రూపమే ఉండదు. బ్రౌజర్ నిలువు అక్షరాన్ని బలవంతంగా పక్కకు వంచుతుంది, అది గాలివానకు ఒరిగిన గుంజలాగా ఉంటుంది.

ఇంకొక చిన్న సంగతి. "వాట్సాప్‌లో అడగండి" అన్న బటన్ నా పేజీలో మొదట "వాట్సాప్లో అడగండి" అని వచ్చింది. పొల్లు తరువాత హల్లు వస్తే రెండూ కలిసి వత్తుగా మారడం తెలుగు నియమం. వాటిని విడిగా ఉంచడానికి జెడ్‌డబ్ల్యూఎన్‌జే అనే కనిపించని గుర్తు ఉంది. కోడ్‌లో ముందు యాంపర్‌శాండ్, వెనుక సెమీకోలన్ పెట్టి, మధ్యలో ఆ నాలుగు ఇంగ్లిష్ అక్షరాలను (zwnj) రాయండి. వరంగల్‌లో, ఫోన్‌లో, వెబ్‌సైట్ వంటి మాటలన్నింటికీ ఇదే మందు.

ఇప్పుడు పేజీ అమరిక. ఇక్కడే నాకు కొత్తవాడ నిజంగా పాఠం చెప్పింది. పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్ కోడ్‌లోని గ్రిడ్ 2017 మార్చిలో ప్రధాన బ్రౌజర్లలోకి వచ్చింది. నిలువు గీతలు, అడ్డం గీతలు ముందు గీసుకుని, వాటి మధ్య గళ్లలో బొమ్మలనూ పాఠాన్నీ కూర్చోబెట్టే పద్ధతి అది. పడుగు (నిలువు పోగులు), పేక (అడ్డం పోగులు) అని చెబితే నేతవారికి వేరే వివరణ అక్కరలేదు. అయితే నేను మొదట గళ్ల గీతలన్నింటికీ అంచులు గీసి, నీడలు వేసి, గ్రిడ్‌నే అలంకారంగా చూపించాను. పెద్దాయన దానిని చూసి, "జంపఖానల పడుగు కనవడదు బిడ్డా. రంగంతా పేకదే" అన్నారు. నిజమే, జంపఖానాలో పేక దగ్గరదగ్గరగా దిగి పడుగును పూర్తిగా కప్పేస్తుంది. ఆ మాట విన్న సాయంత్రమే అంచులు, నీడలు అన్నీ తీసివేశాను. కుడివైపు పేజీలో గీతలు ఎక్కడా కనిపించవు, కానీ ప్రతి బొమ్మ అంచూ ఒకే వరుసలో నిలబడి ఉంటుంది.

కోడ్‌లో గ్రిడ్ టెంప్లేట్ కాలమ్స్ అన్న చోట రిపీట్, ఆటో-ఫిల్, మిన్‌మాక్స్ అని రాసి, కనీస వెడల్పు 240 పిక్సెళ్లు, గరిష్ఠం 1 ఎఫ్‌ఆర్, అంటే ఉన్న చోటులో ఒక సమాన వాటా, అని ఇస్తున్నాను. గళ్ల మధ్య ఎడం 16 పిక్సెళ్లు. ఇప్పుడు 360 పిక్సెళ్ల ఫోన్‌లో ఒకే నిలువు వరుస వస్తుంది, 1100 పిక్సెళ్ల తెర మీద నాలుగు వస్తాయి. ఫోన్‌కు ఒకటి, కంప్యూటర్‌కు ఒకటి అని వేర్వేరు పేజీలు రాయవలసిన పని లేదు. తెలుగులో విభక్తులూ ప్రత్యయాలూ అతుక్కుని మాటలు పొడవవుతాయి కనుక, గడిలో పట్టని మాటను విరిచి కింది వరుసలోకి దించేలా ఓవర్‌ఫ్లో-ర్యాప్‌కు బ్రేక్-వర్డ్ కూడా చేర్చండి.

పేజీ పైభాగంలో కనిపిస్తున్న చారల పట్టీ ఫొటో కాదు. జంపఖానా ఫొటో పెడితే పేజీ బరువెక్కుతుందని, ఆ చారలను కోడ్‌తోనే నేశాను. పెద్దాయనను ఒక జంపఖానాలోని పోగుల లెక్క అడిగితే, ఎరుపు 24, నలుపు 4, గోధుమ 8, మళ్లీ నలుపు 4 అని వేలితో తడుముతూ చెప్పారు. రంగుల వరుసను మళ్లీ మళ్లీ వేసే రిపీటింగ్ లీనియర్ గ్రేడియెంట్‌లో ఒక్క పోగుకు ఒక్క పిక్సెల్ చొప్పున అదే లెక్కను వరుసగా రాశాను. మొత్తం 40 పిక్సెళ్లకు ఒకసారి నమూనా తిరిగి మొదలవుతుంది. దిశ ప్రత్యేకంగా చెప్పకపోతే గ్రేడియెంట్ పై నుంచి కిందికి సాగుతుంది కనుక, చారలు అచ్చం పేకలాగే అడ్డంగా పడ్డాయి.

ఆ చారల మీద అక్షరాలు రాయకండి, వత్తులు నలుపులో కలిసిపోతాయి. ఎరుపు బటన్ మీద తెల్ల అక్షరాలు పెట్టేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. పూర్తి ఎరుపుకూ తెలుపుకూ మధ్య వెలుగు తేడా (కాంట్రాస్ట్) నిష్పత్తి దాదాపు 4 కి 1 మాత్రమే, మామూలు పరిమాణంలోని అక్షరాలకు వెబ్ ప్రమాణం కోరేది 4.5 కి 1. ఎరుపును కొంచెం ముదురు చేస్తే సరిపోతుంది.

చివరగా, మీ కంప్యూటర్‌లో చూసి సంతృప్తి పడకుండా, పాత ఫోన్ ఒకటి తీసుకుని, బ్రౌజర్‌లో అక్షరాల పరిమాణాన్ని 200 శాతానికి పెంచి, ప్రతి బటన్‌నూ చదవండి. నేను ఈ కుడివైపు పేజీని అలాగే పెద్దాయన ఫోన్‌లో తెరిచి ఇచ్చాను. ఆయన గ వత్తును ఒకసారి వేలితో తాకి, ఆ తరువాత పైకి జరిపి చారల పట్టీ దగ్గర చాలాసేపు ఆగారు. "నలుపు నాలుగు కాదు బిడ్డా, ఆరు. ఆ దినం నేనే తప్పు చెప్పిన" అన్నారు. అక్కడే కూర్చుని రెండు చోట్లా 4ను 6గా మార్చి, మొత్తాన్ని 44 చేశాను.